అయిదు రోజుల కారు

మొగల్తూరులో మా పక్కింటి మాస్టారు రిటైరైన డబ్బుతో కారు కొందామనుకున్నారు. పెట్రోలుదా, కరెంటుదా? కరెంటు కారు మీద జి.ఎస్.టి. 2019 నుంచి 5 శాతమే. రాత్రి ఇంట్లోనే చార్జింగు పెట్టుకోవచ్చు. ఆయన తిరిగేది నర్సాపురం, మహా అయితే భీమవరం.

"మరి హైదరాబాదు, అబ్బాయి దగ్గరికి వెళ్ళాలంటేనో? నడిదారిలో చార్జి అయిపోతే?" అని ఆయన బెంగ.

సామాన్యుడి జంకంతా ఇక్కడే వుంది. మూడువందల అరవై రోజుల తిరుగుడు వదిలేసి, మిగిలిన అయిదు రోజుల కోసం కారు కొంటాం! దారిపొడుగునా నమ్మకమైన చార్జింగు స్టేషన్లూ, ఊళ్ళో రిపేరు తెలిసిన మెకానిక్కూ వుంటే తప్ప ఈ జంకు పోదు.

ఇంతలో మాస్టారి భార్య కాఫీ తెచ్చి అన్నారు గదా: "ఆ అయిదు రోజులూ నర్సాపురంలో రైలెక్కితే సరి!"

మాస్టారు ఇంకా ఆలోచిస్తున్నారు.