తారు రోడ్డుకు కెమెరా కన్ను

వేసిన రోజు ఏ తారు రోడ్డయినా నల్లగా నిగనిగలాడుతుంది. దాని గుణం బయటపడేది తర్వాతనే. వానలు తక్కువైన మన కర్నూలు, కడప జిల్లాల్లో రోడ్లకేం ఢోకా లేదనుకుంటాం. కానీ గుంతలు పడుతూనే ఉన్నాయి. అవి రోడ్డంతా ఒకేసారి పడవు, అక్కడొకటి ఇక్కడొకటి మొదలవుతాయి. ఎందుకని?

కల్లంలో శెనక్కాయలు రాశి పోసే రైతుకు ఈ జవాబు తెలుసు. పెద్ద కాయలు దొర్లి అంచుకు చేరతాయి, చిన్నవి నడుమ నిలుస్తాయి. టిప్పర్లో పోసిన తారు కంకరదీ అదే తీరు. లావు కంకర చేరిన చోట సందులెక్కువ. అందులో గాలి దూరి, మన ఎండలకు తారు పెళుసుబారుతుంది. ఒక్క పెద్ద వాన కురిస్తే చాలు, కంకర లేచిపోతుంది.

దీన్ని పట్టడానికి రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి పరీక్షిస్తారు. దాన్నే కోర్ అంటారు. జానెడు వెడల్పు కూడా లేని ముక్క కిలోమీటరు రోడ్డు సంగతి ఎట్లా చెప్పగలదు?

ఇక్కడే కెమెరా అక్కరకొస్తుంది. కంప్యూటరుకు ఫోటో అంటే అంకెలే. కటిక నలుపు 0, తెలుపు 255. ఫోటోను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి సరాసరీ, ప్రామాణిక విచలనమూ లెక్క కడతారు. లావు కంకర తేలిన చోట గుంటల్లో నీడ, రాళ్ల మీద వెలుగు పడి విచలనం పెరుగుతుంది. గళ్లన్నీ ఒకే తీరుగా ఉంటే రోడ్డు సమంగా ఉన్నట్టు. మనం డిగ్రీలో చదివే లెక్కే ఇది!

అయితే దుమ్ము, తడి, చెట్టు నీడ కెమెరాను మోసగిస్తాయి. రోడ్డు మందమెంతో ఫోటో చెప్పలేదు. కాబట్టి కోర్ తీయడం మానమని నేననను. కోర్ ఎక్కడ తీయాలో ఫోటో చెప్పాలంటాను. మనిషి చూపిస్తే మంచి చోటే చూపిస్తాడు. అంకెలకు మొహమాటం లేదు.

కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా పోయే 40వ నంబరు వంటి జాతీయ రహదారులను పరీక్షించడానికి కెమెరాలు, లేజర్లు అమర్చిన వాహనాలున్నాయి. మరి ఉల్లిగడ్డల ట్రాక్టరు పోయే పల్లె రోడ్డుకు? 2015లో వచ్చిన 'మేరీ సడక్' యాప్‌లో గ్రామ సడక్ రోడ్ల ఫోటోలు పంపవచ్చు. కానీ మనం పంపేది గుంత పడ్డాకనే! రోడ్డు వేసిన వారంలోనే, బిల్లు చెల్లించకముందే ఫోటోలు తీసి, లెక్కకట్టి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.

సోదర విద్యార్థులారా! మన చేతిలో ఫోనుంది, తలలో లెక్కలున్నాయి. మనం చదివిన సైన్సు మొదట మన ఊరి రోడ్డెక్కాలి.