అందరినీ అడగండి, లేదా ఎవరివీ చూడకండి

పోయిన శీతకాలం, జనవరి ఒకటో తేదీ గడువుకు ఇంక రెండు రాత్రులే ఉన్నాయి. న్యూజెర్సీలో మా వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని మా అమ్మాయి కూర్చుంది. అప్లికేషన్‌లో ఒక్క ప్రశ్న మిగిలింది: పరీక్ష స్కోర్లతో కలిపి నీ దరఖాస్తు చూడమంటావా, వద్దంటావా? దాని శాట్ స్కోరు 1410. డబ్బు కట్టి పెట్టుకున్న కన్సల్టెంట్ దాచమన్నాడు. స్కూల్లో కౌన్సెలర్ పంపమంది. వాట్సాప్ గ్రూపులో సగం మంది అటు, సగం మంది ఇటు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి అది నా వైపు తిరిగి, “నాన్నా, 1410 అంటే సిగ్గుపడాల్సిన స్కోరా?” అంది.

1600కు జరిగే ఆ పరీక్షలో దేశమంతటి సగటు వెయ్యికి కాస్త పైన. 1410 తెచ్చుకున్న పిల్ల, పరీక్ష రాసిన నూరుగురిలో తొంభైమందికి పైగా దాటి వచ్చింది. అలాంటి పిల్ల చేత ఆ మాట అనిపించిన ఏర్పాటు మీదే నా కోపమంతా. దాని పేరు టెస్ట్ ఆప్షనల్. ఇష్టముంటే పంపు, లేకుంటే మానెయ్ అంటుంది. వినడానికి దయలా ఉంటుంది. నేను దాన్ని అన్యాయం అంటున్నాను.

ఇది నిన్న పుట్టిన ఆలోచన కాదు. మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ కాలేజీ 1969లోనే ఈ దారి పట్టింది. 2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడ్డప్పుడు దేశంలోని పేరున్న కాలేజీలు దాదాపు అన్నీ అదే దారిలోకి వచ్చాయి. ఆ రోజు అది అవసరం. కోవిడ్ పోయింది, కేంద్రాలు తెరుచుకున్నాయి, ఏర్పాటు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. ఎందుకుండదు? స్కోరు అడగని కాలేజీకి దరఖాస్తులు పెరుగుతాయి. దరఖాస్తులు పెరిగితే ప్రవేశం దొరికేవాళ్ల శాతం తగ్గుతుంది. శాతం తగ్గినకొద్దీ కాలేజీ గొప్పతనం పెరిగినట్టు కనిపిస్తుంది.

అసలు అన్యాయం స్కోర్ల లెక్కలో ఉంది. తమ దగ్గర చేరినవాళ్ల స్కోర్లు ఎంత నుంచి ఎంత వరకు ఉన్నాయో కాలేజీలు ఏటా ప్రకటిస్తాయి. ఆ లెక్కలోకి వచ్చేవి పంపినవాళ్ల స్కోర్లే. తక్కువనుకున్నవాళ్లు పంపరు కాబట్టి కింది గీత పైకి జరుగుతుంది. మరుసటి ఏడు ఆ గీత చూసి మరికొందరు భయపడి దాచుకుంటారు. గీత ఇంకా పైకి పోతుంది. పైన తేలిన మీగడ తీసి చూపించి, కుండలో పాలన్నీ ఇంత చిక్కన అని చెప్పినట్టు. మా అమ్మాయి తన 1410ని పోల్చుకున్నది ఆ మీగడతోనే.

దీనివల్ల నష్టపోయేదెవరో డార్ట్‌మత్ కాలేజీ తన సొంత దరఖాస్తులనే తవ్వి చూసింది. డబ్బూ వసతులూ లేని ఇళ్ల పిల్లలు కొందరు 1400 దాటిన స్కోర్లు కూడా దాచుకున్నారు. పంపి ఉంటే వాళ్ల అవకాశాలు మెరుగుపడేవి. వాళ్లు చదివిన బడిని, పెరిగిన ఊరిని బట్టి ఆ స్కోరు ఎంత గొప్పదో చూడగలిగేవాళ్లమని ఆ కాలేజీయే చెప్పింది. 2024 ఫిబ్రవరిలో పరీక్షను తిరిగి తప్పనిసరి చేసింది. అంతవరకూ తలుపు దగ్గరికొచ్చి చేతిలోని తాళంచెవిని దాచుకుని వెనక్కి వెళ్లిపోయిన పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?

పరీక్ష డబ్బున్నవాళ్ల పక్షం అంటారు. నిజమే, కోచింగ్ కొనుక్కోవచ్చు. మరి వ్యాసం? దాన్ని పది సార్లు దిద్దించే మనిషి? ఇంకో దేశం వెళ్లి చేసొచ్చే సేవ? అవి ఊరికే వస్తాయా? ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో చూపిన లెక్క ప్రకారం, ఒకే స్కోరున్న పిల్లల్లో అత్యంత సంపన్నులైన ఒక్క శాతం ఇళ్లవాళ్లు ఐవీ లీగ్ కాలేజీల్లో, వాటి సాటి కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే రెట్టింపుకు పైగా ఉంది. స్కోరు కళ్లముందున్నప్పుడే అంత తేడా. దాన్ని తీసేస్తే తక్కెడలో మిగిలేది డబ్బు బరువే.

మనం ర్యాంకు దాచడం ఎరగని చోటు నుంచి వచ్చాం. ఎంసెట్ ర్యాంకు చెబితే ఏ కాలేజీలో సీటొస్తుందో పక్కింటివాళ్లు కూడా చెప్పేవాళ్లు. ఆ పద్ధతిలో పిల్లల్ని పిండేసే క్రూరత్వం ఉంది, దాన్ని నేను సమర్థించను. కానీ నియమం అందరికీ ఒకటే, అందరికీ తెలిసిందే.

నిజాయితీగా నిలబడడానికి రెండు చోట్లున్నాయి. పరీక్ష పనికొస్తుందని నమ్మితే, 2022లో ఎంఐటీ చేసినట్టు అందరి స్కోరూ అడగండి. పనికిరాదనుకుంటే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలా ఎవరి స్కోరూ చూడకండి. ఈ రెండింటిలో దేనినైనా గౌరవిస్తాను. గోడ మీద పిల్లిలా కూర్చుని, ఎటు దూకాలో పదిహేడేళ్ల పిల్లల్ని తేల్చుకోమనడాన్ని మాత్రం గౌరవించలేను.

తల్లిదండ్రులారా, ఈ ఏడు కాలేజీలు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్తారు కదా. అక్కడ నిండు సభలో లేచి ఒక్క ప్రశ్న అడగండి: స్కోరు పంపినవాళ్లలో ఎంతమందిని తీసుకున్నారు, పంపనివాళ్లలో ఎంతమందిని తీసుకున్నారు? అంకెలు చెప్పేదాకా కూర్చోకండి. జవాబు రాకపోతే, ఆ సంగతి మన గ్రూపుల్లో పేరు పెట్టి రాయండి. ఇంటికొచ్చాక పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి, ఆ స్కోరులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని.

మా అమ్మాయి ఆ రాత్రి తన 1410ని పంపింది.