కార్డు చేతిలో ఉంది, ఎంపిక ఎక్కడ?

2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగినప్పుడు కందిలో మేమూ సంతోషించాం. బకాయిలు మాత్రం తీరలేదు. బిల్లులు రాలేదని 2025లో ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేసినప్పుడు, నచ్చిన ఆసుపత్రిని ఎంచుకునే స్వేచ్ఛ కాగితం మీదనే మిగిలింది. గుమాస్తాలుగా పనిచేసిన మాకు తెలుసు, గడువు లేని చెల్లింపు ఫైలు కదలదు. ఆ గడువును ప్రభుత్వం చట్టంలోనే పెట్టాలి.

పటాన్‌చెరు కర్మాగారాలలోని మన పిల్లల సంగతి వేరు. నెలకు 21,000 రూపాయల లోపు వేతనానికి ఈఎస్‌ఐ చట్టమిచ్చిన హక్కు. అయినా తమకు ఆ నంబరు ఉందో లేదో తెలియని కాంట్రాక్టు కార్మికులు మాకు తరచూ తారసపడుతున్నారు. జుమా నమాజు తర్వాత మసీదు కమిటీలు ఒక బల్ల వేసి వారి జీతం చీటీలు చూడాలి. 0.75 శాతం కోత కనిపించకపోతే, జబ్బు చేయకముందే గుత్తేదారును నిలదీయాలి.