ఎంచుకునే హక్కు ఉంది, ఎంపిక ఏది?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మన మసీదు కమిటీల గదులలో, మహల్లా గ్రంథాలయాలలో ఒక దృశ్యం ఏటా పునరావృతమవుతుంది. మార్కుల జాబితాను మడిచి జేబులో పెట్టుకొని తండ్రి వస్తాడు. ఆయన వెనుక కుమారుడో కుమార్తెయో తలవంచుకొని నిలబడతారు. తండ్రి అడిగే ప్రశ్నలు మూడు. దగ్గరలో ఏ కళాశాల ఉంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? చదువు పూర్తికాగానే ఉద్యోగం దొరుకుతుందా? మూడూ న్యాయమైన ప్రశ్నలే. అయితే నాలుగవ ప్రశ్న ఒకటి ఎవరూ అడగకుండానే మిగిలిపోతుంది: బిడ్డా, నీవు ఏమి చదవాలనుకుంటున్నావు?

ఉద్యోగ విరమణ తరువాత ఇటువంటి దరఖాస్తులు నింపిపెట్టే పనిలో అనేక వేసవులు గడిపిన అనుభవంతో ఈ మాట వ్రాస్తున్నాము. అబ్బాయి అయితే బి.కాం. కంప్యూటర్స్, అమ్మాయి అయితే ఇంటికి దగ్గరలో ఏదో ఒక బి.ఎస్సీ., ఆ పైన బి.ఇడి. ఈ చదువులను మేము తక్కువ చేయడం లేదు. కానీ ఒక సమాజపు పిల్లలందరూ ఒకే ఇరుకైన గుమ్మం గుండా లోకంలోకి వెళ్లవలసి వస్తే, ఆ తొక్కిసలాటలో సగంమంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మన దరఖాస్తులలో దాదాపు ఎన్నడూ కనిపించని మూడు చదువుల గురించి ఈ నెల మాట్లాడదలచాము. అవి నర్సింగ్, సంగీతం, తత్వశాస్త్రం.

ఈ మూడింటికీ పొంతన ఏమిటని పాఠకులు అడగవచ్చు. సమాధానం మన చరిత్రలోనే ఉన్నది. వైద్యంపై ‘అల్ ఖానూన్’ రచించిన ఇబ్నె సీనాయే ‘అష్షిఫా’ అనే మహా తత్వగ్రంథమూ రచించాడు. ఆ తత్వగ్రంథంలో సంగీతానికి ఒక భాగం ప్రత్యేకించాడు. ఆయనకు ముందు ఫారాబీ తర్కంపైనా రచించాడు, సంగీతంపై ఒక బృహద్గ్రంథమూ రచించాడు. రోగిని స్వస్థపరచడం, నాదాన్ని కొలవడం, సత్యాన్ని విచారించడం వారికి ఒకే విద్యావృక్షపు కొమ్మలు. ఆ కొమ్మలను నరికింది వారు కాదు, మనమే.

ఇక హక్కు సంగతి. రాజ్యాంగం 30(1) అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును ఇచ్చింది. ఈ అధికరణానికి ప్రాణం ‘తమకు నచ్చిన’ అనే మాటలోనే ఉన్నదని 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. మతవిద్యకు, మాతృభాషకు మాత్రమే పరిమితం కానవసరం లేదని, సాధారణ విద్యాసంస్థలు కూడా ఈ రక్షణ పరిధిలోకి వస్తాయని అప్పుడే స్పష్టమైంది. 1974లో సెయింట్ జేవియర్స్ కళాశాల కేసు, 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు, 2024 నవంబరులో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం కేసు ఈ హక్కు చుట్టూ నడిచినవే. ఇంత పోరాడి నిలుపుకొంటున్న హక్కుతో మనం ఎంచుకొన్నది ఏమిటి? మన యాజమాన్యంలోని కళాశాలల ప్రవేశ ప్రకటనలను ఒకదాని పక్కన మరొకటి పెట్టి చూడండి. సంస్థ పేర్లు మారుతాయి, కోర్సుల వరుస మారదు.

పరిస్థితి తీవ్రత తెలియాలంటే రెండు లెక్కలు చాలు. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిసి నాలుగు శాతం కన్న తక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే కళాశాలలలో ముస్లిం విద్యార్థుల సంఖ్య సుమారు ఎనిమిది శాతం పడిపోయింది. మొత్తం విద్యార్థులలో మన వాటా 4.6 శాతం. 2011 జనాభా లెక్కలలో మన వాటా 14.2 శాతం. కళాశాల మెట్లెక్కేవారే ఇంత తక్కువైనప్పుడు, ఎక్కిన ఆ కొద్దిమందికీ ఒకే దారి చూపడం న్యాయమా?

మొదట నర్సింగ్. ఒక వేసవిలో బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకొన్న ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతానన్నది. “రాత్రి డ్యూటీలు, మగ రోగులు, ఆ యూనిఫారం... మన ఇళ్లలో కుదరదు సాబ్” అన్నాడు తండ్రి. అమ్మాయి మరి మాట్లాడలేదు. దరఖాస్తులో తల్లి వివరాలు వ్రాసేటప్పుడు తెలిసింది, ఆ తల్లి ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట పనిమనిషిగా ఉన్నదని. ఆమె పంపే దీనార్లతోనే ఆ ఇల్లు గడుస్తున్నది. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో, రాత్రీపగలూ తేడా లేని చాకిరీకి ఆ ఇల్లు తలవంచింది. చదువుతో, జీతంతో, చట్టం కల్పించే రక్షణతో వచ్చే సేవావృత్తికి మాత్రం పరువు అడ్డువచ్చింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన మన అక్కచెల్లెళ్ల గురించి ఈ పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. అదే గల్ఫ్ ఆసుపత్రులలో కేరళ అమ్మాయిలు నర్సులుగా పనిచేస్తున్నారు. ఇద్దరూ కడలి దాటినవారే. ఇద్దరి నడుమ ఉన్న దూరం నాలుగేళ్ల డిగ్రీ.

సేవావృత్తిని నామోషీగా భావించేవారు రుఫైదా అస్లమియ్యా (ర.అన్హా)ను జ్ఞాపకం చేసుకోవాలి. ఖందక్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (ర)ను దైవప్రవక్త (స) ఆమె గుడారానికే పంపించారు. ఆ గుడారం ఉన్నది మదీనా మసీదు ఆవరణలో. ఉమ్మె అతియ్యా (ర.అన్హా) ఏడు యుద్ధాలలో సైన్యం వెంట వెళ్లి క్షతగాత్రులకు సేవ చేశారు. మన మహిళల తొలి వృత్తులలో ఒకటైన దానిని మనమే పరాయి వృత్తిగా చూస్తున్నాము.

అయితే ఆ తండ్రి భయాన్ని మూర్ఖత్వమని కొట్టివేయడం సరికాదు. ఆడపిల్లలకు సురక్షితమైన వసతిగృహం లేదు. రాత్రి డ్యూటీ ముగిసిన తరువాత చేర్చే వాహనం లేదు. తల కప్పుకొన్నందుకు తరగతి నుండి పంపివేస్తారేమోనన్న బెంగ 2022 కర్ణాటక తీర్పు తరువాత మన ఇళ్లలో మరింత పెరిగింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చిన ఆ వివాదానికి నర్సింగ్ కళాశాలలోనైనా పరిష్కారం ఉన్నది. పరిశుభ్రతా నియమాలకు లోబడి పొడవు చేతుల దుస్తులు, పూర్తి పైజామా, తలకు శుభ్రమైన వస్త్రం అనుమతించడం అసాధ్యమేమీ కాదు. అనేక దేశాల ఆసుపత్రులలో అది నిత్యం జరుగుతున్నదే.

నర్సింగ్ కళాశాల పెట్టడం బి.కాం. విభాగం తెరచినంత సులభం కాదన్నది నిజం. నాలుగు గదులు, ఒక కంప్యూటర్ ల్యాబ్ చాలవు. సొంత ఆసుపత్రి, పడకలు, శిక్షణకు తగిన రోగుల సంఖ్య, అర్హతగల అధ్యాపకులు కావాలి. కానీ పెద్ద ఆసుపత్రులు నడుపుతున్న ముస్లిం ట్రస్టులు మన మధ్యనే ఉన్నాయి. వారు తలచుకొంటే ఆ ఆసుపత్రి గోడల మధ్యనే మన అమ్మాయిలు డిగ్రీ పొందగలరు.

రెండవది సంగీతం. ఈ మాట ఎత్తగానే కొందరు పాఠకులు నొసలు ముడుస్తారని తెలుసు. సంగీతం విషయంలో ఉలమాల మధ్య తొలినుండీ అభిప్రాయభేదం ఉన్నది. ఇమాం గజాలీ ‘ఇహ్యా’లో ‘సమా’ గురించి ఒక ప్రత్యేక భాగమే వ్రాయవలసి వచ్చింది. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. వద్దనుకొన్నవారి అభిప్రాయాన్ని గౌరవిస్తాము. మా ప్రశ్న వేరు. తరతరాలుగా నాదమే జీవనాధారమైన మన కుటుంబాల పిల్లలకు ఆ విద్యలో పట్టా ఎందుకు లేదు?

ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం చేతబట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనను వరించాయి. ఆ బాటలోనే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు పద్మశ్రీ అందుకొన్నారు. ఆలయ ద్వారం ముందు సాయిబుల నాదస్వరం మ్రోగడం తెలుగునేలపై వింత కాదు. ద్వేషాన్ని రెచ్చగొట్టేవారికి ఇంతకన్న బలమైన సమాధానం మరొకటి ఉండదు. అయితే పురస్కారం అందుకొన్నవారు కొందరు. వారి వెనుక పెళ్లిళ్ల కాలంలో మాత్రమే పని దొరికే వాద్యకారులు, గ్రామాలు తిరిగే ఫకీర్లు ఎందరో. వారి వేళ్లలో ఉన్న విద్యకు కాగితం మీద విలువ లేదు. పట్టా లేదు గనుక సంగీతోపాధ్యాయ ఉద్యోగానికి దరఖాస్తు చేయలేరు. ఆకాశవాణి కేంద్రాలకు, సాంస్కృతిక శాఖకు సమీపంలో నిలబడలేరు.

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919 నుండి ఉన్నది. ప్రభుత్వ సంగీత కళాశాలలు మరికొన్ని రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. వాటి తలుపులు మనకు మూసి లేవు. వాటిని తట్టమని మన పిల్లలకు చెప్పేవారే లేరు. దూదేకులకు బీసీ-బీలోనూ, ఇతర వెనుకబడిన ముస్లిం తరగతులకు 2007 చట్టం ద్వారా బీసీ-ఈలోనూ రిజర్వేషన్ ఉన్నది. నాలుగు శాతమంటే ఇంజనీరింగ్ సీటు మాత్రమేనని మనం అనుకొన్నంతకాలం మిగిలిన సీట్లు మన పేరు మీద ఉండి కూడా మనవి కావు.

మూడవది తత్వశాస్త్రం. అన్నిటికన్న ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనది ఇదే. “అది చదివి ఏం తింటాడు?” అన్నదే మన తొలి ప్రశ్న. మన సభలలో అల్లామా ఇక్బాల్‌ను స్మరించని వక్త అరుదు. ఇక్బాల్ చదివినది తత్వశాస్త్రమే. మ్యూనిక్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది పారశీక తత్వచింతనపై చేసిన పరిశోధనకు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖలీఫా అబ్దుల్ హకీం, మీర్ వలీయుద్దీన్ వంటివారు తత్వశాస్త్రం బోధించారు. పాశ్చాత్య తత్వగ్రంథాలు దారుత్తర్జుమాలో ఉర్దూలోకి వచ్చాయి. నేడు చిన్న పట్టణాల కళాశాలలలో ఈ శాఖకై వెదకితే నిరాశే ఎదురవుతుంది. విద్యార్థులు చేరరు గనుక శాఖ ఉండదు, శాఖ లేదు గనుక విద్యార్థులు చేరరు.

తత్వశాస్త్రం మన సమాజానికి విలాసం కాదు, అవసరం. టెలివిజన్ చర్చలలో మన ప్రతినిధులు ఆవేశపడటం చూస్తాము, వాదన నిలబెట్టడం తక్కువగా చూస్తాము. ఎదుటివాని వాక్యంలోని లోపాన్ని పట్టుకొని, కేక వేయకుండా, మెట్టుమెట్టుగా ఖండించడం నేర్పే విద్య ఇదే. న్యాయశాస్త్రానికి ఇది పునాది. సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో ఐచ్ఛికాంశంగా దీనికి 500 మార్కులు ఉన్నాయి. మన మదరసాలలో దర్సె నిజామీ చదివిన విద్యార్థి మంతిఖ్, అంటే తర్కం, అప్పటికే చదివి ఉంటాడు. ఆ విద్యార్థి వచ్చి చేరడానికి హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం బ్రిడ్జి కోర్సులు నడుపుతున్నది. మదరసా నుండి తత్వశాస్త్ర పట్టా వరకు దారి వేయడం ఊహాజనితమైన కోరిక కాదు, ఒక తీర్మానం దూరంలో ఉన్న పని.

ప్రభుత్వాల బాధ్యతను మరచిపోలేదు. పరిశోధక విద్యార్థులకు ఆధారమైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. తత్వశాస్త్రం వంటి శాఖలలో పైచదువులు చదవదలచినవారికి ఇది నేరుగా తగిలిన దెబ్బ. దానిని పునరుద్ధరించాలి. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న జిల్లాలలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలకు అనుబంధంగా మైనారిటీ బాలికల వసతిగృహాలు కావాలి. విదేశీ నియామకాలు చూసే టామ్‌కామ్, ఓంక్యాప్ సంస్థలు గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న పట్టణాలలోనే అవగాహన సభలు జరపాలి. విద్యార్థులు తక్కువన్న సాకుతో తత్వశాస్త్ర శాఖలను మూసివేయడం ఆపాలి.

మైనారిటీ కళాశాలల యాజమాన్యాలకు మా విజ్ఞప్తి ఒక్కటే. 1947లో, దేశవిభజన గాలి వీస్తున్న ఆ ఏడాదిలో, డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. లాభం లెక్కవేసి ఉంటే అది పుట్టేది కాదు. ప్రతి సంస్థ రానున్న విద్యాసంవత్సరానికి తన కోర్సుల పట్టికలో కొత్తగా ఒక్క పంక్తి చేర్చగలదా? ఆసుపత్రి ఉన్నవారు నర్సింగ్, బి.ఎ. ఉన్నవారు తత్వశాస్త్రం. సంగీతం విషయంలో కొత్త కళాశాల అవసరం లేదు, ఉన్న కళాశాలలో చేరే పిల్లలకు ఉపకారవేతనం చాలు.

జమాఅత్ పెద్దలు, ఇమాంలు ఫలితాలు వచ్చిన తరువాతి జుమా ప్రసంగంలో ఐదు నిమిషాలు రుఫైదా (ర.అన్హా) గుడారం గురించి చెప్పాలి. ఆ ఐదు నిమిషాలు కొన్ని ఇళ్లలో నాలుగేళ్ల డిగ్రీగా మారవచ్చు.

ఆ రోజు వచ్చిన అమ్మాయి చివరకు ఇంటికి దగ్గరలో ఉన్న బి.ఎస్సీ.లోనే చేరింది. దరఖాస్తులో కోర్సు పేరు నింపింది మా చేతులే. ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆ తండ్రితో మరికొంత మాట్లాడి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. రాబోయే వేసవిలో మీ మహల్లాలో ఆ బల్ల ముందు కూర్చునే ప్రతి కార్యకర్తా ఆ నిమిషం ఆగాలని, నాలుగవ ప్రశ్న అడగాలని కోరుతున్నాము.