గిటార్ మెట్లూ, గొల్లపల్లి మైనమూ

పిల్లలూ! మా బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొందరు కలిసి ఒక చిన్న యంత్రం తయారుచేశారు. కంప్యూటరు చెప్పినట్టల్లా కదులుతూ కర్రను చెక్కే యంత్రం అది. కార్ఖానాల్లో ఇలాంటిదాన్ని సి.ఎన్.సి. మిషన్ అంటారు. దానితో ఎలక్ట్రిక్ గిటార్‌కు కావలసిన భాగాలు చేద్దామని వాళ్ళ కోరిక. యంత్రం మొదటిసారి కదిలిన రోజున అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క కుర్రవాడు మాత్రం కొట్టలేదు. అతనిది బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి. "మాస్టారూ, ఇలాటి మిషను మా ఊరొచ్చేస్తే మా తాతకింక పనుంటాదా?" అని అడిగాడు. వాళ్ళ తాత వీణలు చేస్తాడు.

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తితే ఒక మాస్టారు, "మరమగ్గం వచ్చాక చేనేత ఏమయిందో చూశాం కదండీ, యంత్రాన్ని ఆ ఛాయలకు రానివ్వకూడదు" అన్నారు. మరొకరు, "ఎన్నాళ్ళు బాడిసెతో కొట్టుకుంటారు? యంత్రమే చెయ్యనివ్వండి" అన్నారు. నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మీకు చెప్పాలంటే ముందు యంత్రం సంగతీ, తర్వాత మేము చేసిన ఒక పొరపాటు సంగతీ చెప్పాలి.

ఇంట్లో చేసుకునే సి.ఎన్.సి. మిషన్‌లో మాయ ఏమీ లేదు. మీ లెక్కల పుస్తకంలో ఎక్స్ అక్షం, వై అక్షం ఉంటాయి కదూ? వాటికి పైకీ కిందికీ కదిలే మరో అక్షం చేర్చండి. ఒక్కొక్క అక్షానికీ ఒక మరచుట్ల కడ్డీ, దాన్ని తిప్పడానికి ఒక మోటారు. ఇది ఫ్యాను మోటారులా గిర్రున తిరిగేది కాదు, అడుగులు వేసే మోటారు. ఒక చుట్టు తిరగడానికి సరిగ్గా 200 అడుగులు వేస్తుంది. మేము వాడిన కడ్డీ ఒక చుట్టు తిరిగితే నట్టు 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. 1.25ను 200తో భాగించి చూడండి. తలవెంట్రుక మందంలో సుమారు పదోవంతు వస్తుంది! చట్రం ప్లైవుడ్‌తో చేశాం. జారడానికి బీరువా సొరుగులకు వేసే చానల్స్ పెట్టాం. చెక్కడానికి వడ్రంగులు అంచులు తీసే చిన్న ట్రిమ్మర్ బిగించాం. మోటార్లూ, ఆర్డుయినో అనే చిన్న బోర్డూ కొన్నాం. ఆ బోర్డు 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టింది. అడుగులు లెక్కపెట్టి మోటార్లను నడిపే జి.ఆర్.బి.ఎల్. అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. (కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఎవ్వరూ ట్రిమ్మర్ దగ్గరకు పోకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.)

ఈ ఊహ అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయనకు 1940ల చివర్లో వచ్చింది. హెలికాప్టర్ రెక్కల వంపు కచ్చితంగా రావాలంటే పనివాడి కంటిచూపు చాలడం లేదు. వంపు మీది బిందువులను లెక్కకట్టి, ఆ అంకెలనే యంత్రానికి అందిస్తే సరిపోదా అనుకున్నాడు. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అలాంటి యంత్రాన్ని నడిపి చూపించారు. దానికి అంకెలు అందించింది చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ.

ఇక గిటార్. మా పిల్లలు గిటార్‌ను ఎంచుకోవడంలో తెలివి ఉంది. లియో ఫెండర్ అనే అమెరికన్ రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ 1950లో ఆయన తెచ్చిన ఎలక్ట్రిక్ గిటార్‌కు డొల్ల శరీరమే లేదు, బల్లపరుపు చెక్కపలక! మెడను వేరుగా చేసి నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడ పాడైతే విప్పి ఇంకొకటి బిగించుకోవచ్చు. తీగ కంపనాన్ని అందుకునే పని డొల్లది కాదు, తీగల కింద ఉన్న అయస్కాంతానిదీ తీగచుట్టదీ. ఉక్కుతీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే, మీ పదో తరగతి పాఠమే. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మన కర్ణాటక సంగీతాన్ని వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదనే. మరి వీణకు కూడా ఇలాంటి చుట్టనే పెట్టేస్తే? వీణకు కొన్ని తీగలు ఉక్కువి, కొన్ని ఇత్తడివి. అయస్కాంతం ఇత్తడిని పట్టించుకోదు కదా! అందుకని దానికి వేరే రకం మైకు కావాలి.

గిటార్ మెడ మీద అసలు లెక్కంతా మెట్లదే. తీగను మెట్టు మీద నొక్కితే దాని పొడవు తగ్గుతుంది, స్వరం పెరుగుతుంది. పొడవు సగం చేస్తే పై స్థాయి స్వరం. ఆ మధ్యలో పన్నెండు సమానమైన మెట్లు కావాలి. సమానమైనవంటే దూరంలో కాదు, నిష్పత్తిలో. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించుకుంటూ పోవాలి. మేము తీసుకున్న తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు 36.37 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. మిగిలింది 611.63. దాన్ని మళ్ళీ భాగిస్తే రెండో మెట్టుకు 34.33. ఇలా పన్నెండో మెట్టు సరిగ్గా 324 దగ్గర, సగంలో పడుతుంది. పూర్వం 17.817కు బదులు 18తో భాగించేవారు. ఆ పద్ధతిని 1581లో తన గ్రంథంలో చెప్పినవాడు విన్సెంజో గెలీలీ, మనకు తెలిసిన గెలీలియో తండ్రి! 18తో లెక్కకట్టి చూడండి. పన్నెండో మెట్టు సగానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ముందే వచ్చేస్తుంది. అయితే నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి స్వరం పెరుగుతుంది కాబట్టి ఆ తేడా కొంత సర్దుకునేది.

మా పిల్లలు ఈ అంకెలన్నీ యంత్రానికి ఇచ్చారు. పాత టేకు తలుపు చెక్కతో చేసిన మెడ మీద 22 మెట్లకు 22 గాడులు తీయాలి. పన్నెండు అయ్యాయి. కరెంటు పోయింది. మా ఊళ్ళో అదేమీ వింత కాదు. గంట తర్వాత వచ్చింది. మిగిలిన పదీ తీశారు. మెట్లు దిగ్గొట్టి, తీగలు కట్టి, ఎంత అందంగా ఉందో అని మురిసిపోయాం. నేను కూడా మురిసినవాళ్ళలో ఒకణ్ణి.

ఆ ఆదివారం దాన్ని పట్టుకుని గొల్లపల్లి వెళ్ళాం. సర్వసిద్ధి ఇంటిపేరుగల కుటుంబాలవారు అక్కడ తరతరాలుగా వీణలు చేస్తున్నారని మీరు వినే ఉంటారు. పనస దుంగ ఒకటి తీసుకుని కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఆ ఒక్క కర్రలోనే అతుకు లేకుండా చెక్కుతారు. దాన్ని ఏకాండి వీణ అంటారు. కుర్రవాడి తాత మా గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని ఒకే తీగ మీద ఒక్కొక్క మెట్టూ నొక్కి మీటుకుంటూ పోయాడు. పన్నెండు దాటాక ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ మీటాడు. "ఇదుగో బాబూ, ఈ మెట్టు కాడ్నించీ మేళం జారిపోనాది" అన్నాడు.

ఇంటికి వచ్చి కొలిచాం. పదమూడో గాడి నుంచి అన్నీ ఒకటిన్నర మిల్లీమీటరు పక్కకు జరిగి ఉన్నాయి! కారణం కరెంటే. కళ్ళకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు మధ్యలో లెక్క మరిచిపోతే ఏమవుతుంది? మా మోటార్ల గతీ అంతే. తాము ఎక్కడున్నదీ వాటికి తెలియదు, ఎన్ని అడుగులు వేసిందీ మాత్రమే తెలుసు. కరెంటు పోతే అదీ పోతుంది. పిల్లలు కంటి అంచనాతో మళ్ళీ మొదలుపెట్టారు. ఒకటిన్నర మిల్లీమీటరు ఎంత అనుకోకండి. మొదటి మెట్టు దగ్గర అది అడుగులో ఇరవైనాలుగో వంతు. పదమూడో మెట్టు దగ్గర పన్నెండో వంతు. ఇరవయ్యో మెట్టు దగ్గర, మెట్ల మధ్య దూరమే 12 మిల్లీమీటర్లు కాబట్టి, ఎనిమిదో వంతు. పైకి పోయేకొద్దీ అదే తప్పు పెద్దదవుతుంది. యంత్రం మాత్రం ఆ పది గాడులనూ మొదటి పన్నెండింటిని తీసినంత శ్రద్ధగానూ తీసింది.

తాత ఆ రోజు ఇంకొక మాట కూడా అన్నాడు. "మా మైనమైతే ఏడిసేసి మెట్టు జరిపేత్తాను. కర్రలో కోసీసిన గాడినేటి సేత్తాం?" వీణకు మెట్లు ఇరవైనాలుగు. వాటిని దండి మీద గాడుల్లో దిగ్గొట్టరు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి రెండు వైపులా గట్లు పోసి, వాటి మీద లోహపు మెట్లు నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ మీటి వింటూ జరుపుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. కొన్నేళ్ళకు మేళం చెడితే మళ్ళీ కట్టుకోవచ్చు. చూశారా, ఫెండర్ ఒకచోట, మన వీణ పనివారు మరొకచోట తప్పు దిద్దుకునే వీలు పెట్టుకున్నారు. ఆయన మెడనే విప్పి మార్చుకునేలా చేశాడు. వీరు కర్రంతా ఒకటే చేసి, మెట్టును మాత్రం మైనం మీద ఉంచారు.

నా అభిప్రాయం ఇక్కడి నుంచి పుట్టిందే. యంత్రాన్ని రానివ్వకూడదు అనే మాస్టారితో నేను ఒప్పుకోను. పనస దుంగను బాడిసెతో, ఉలితో తొలవడం ఎంత కష్టమో ఆ తాత కుడిభుజం చూస్తే తెలుస్తుంది. చెయ్యి తలపైకి ఎత్తలేడు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా రక్షణ ఉంది. మంచిదే, కానీ భుజం నొప్పి దానితో తగ్గదు. ఆ మొరటు పని యంత్రానికి ఇవ్వవచ్చు. లోపల అర అంగుళం మందం ఎక్కువే ఉంచి ఆపమని చెప్పవచ్చు. ఆ పైన చెక్కేది మనిషి. ఎందుకంటే కుండ మందం ఎక్కడ చాలో ఆయన వేలిముడితో తట్టి, విని తేలుస్తాడు. ఒక దుంగకూ మరో దుంగకూ అది ఒకటిగా ఉండదు. యంత్రమే అంతా చెయ్యనివ్వండి అన్న మాస్టారికి ఇదే నా జవాబు. తప్పు జరిగితే తెలుసుకోలేనిదాని చేతికి, తప్పు దిద్దుకోలేని పని అప్పగించకూడదు.

ఇంకొకటి. యంత్రం ఎవరిదన్నది కూడా చూడాలి. ఎక్కడో పెద్ద కార్ఖానా వీణ ఆకారాలు వేల లెక్కన పోతపోసినట్టు తీసి అమ్మితే ఆ కుర్రవాడి భయం నిజమే అవుతుంది. ఆ కుర్రవాడే యంత్రం చేసుకుని తాత సాలలో పెడితే అది మరో ఉలి. కానుకలకిచ్చే చిన్న వీణలు అక్కడ ఎలాగూ చేస్తారు. వాటి ముక్కలు ముందు కోసి చూడవచ్చు, చెడినా నష్టం తక్కువ. అందుకే మీ బడిలో తాళం వేసిన గదిలో యంత్రాలు ఉంటే, తాళం తీయమని మీ మాస్టార్లను అడగండి అంటాను. 2016 నుంచి దేశంలో ఎన్నో బడులకు అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. నేను చూసిన ఒకచోట ముద్రణ యంత్రం అట్టపెట్టెలోంచే బయటకు రాలేదు, పాడైపోతుందని! మాది రెండుసార్లు పాడైంది. పాడవడం వల్లే కదా దానికి ఏమి తెలియదో మాకు తెలిసింది!

తాతకు పని ఉంటుందా అన్న ప్రశ్నకు ఉంటుందని నేను మాట ఇవ్వలేను. ఆ సంగతి కుర్రవాడికి కూడా అలాగే చెప్పాను.

ఇప్పుడు మా యంత్రం చివర ఒక చిన్న స్విచ్చి పెట్టాం. కరెంటు పోయి వస్తే మోటారు ముందు అక్కడికి వెళ్ళి దాన్ని తాకి, అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. కొత్త మెడ మీద 22 గాడులూ సరిగ్గా వచ్చాయి. పాడైన మెడను కుర్రవాడు ఇంటికి పట్టుకుపోయాడు. నెల తర్వాత తిరిగి తెచ్చాడు. తాత మెట్లు పీకేసి, చిత్రిక పట్టి, నల్లమైనం గట్లు పోసి మేళం కట్టి ఇచ్చాడు! దాన్ని సైన్సు గదిలో గోడకు వేలాడదీశాం. మే నెల ఎండలకు మైనం మెత్తబడి నాలుగు మెట్లు వంగాయి. బడి తెరిచాక కుర్రవాడు రెండు రోజులు కూర్చుని వాటిని తనే సరిచేశాడు. మూడు కుదిరాయి. నాలుగోది తాతకు చూపించాలని ఆదివారం కోసం చూస్తున్నాడు.