కళ్లు మూసుకుని సంతకం పెట్టొద్దు చెల్లీ

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఇంట్లో ఆడపిల్లలు ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి.

పోయిన ఆదివారం సాయంత్రం మా హాస్టల్ గదికి ఒక చెల్లి వచ్చింది. ముత్తుకూరు వైపు గిరిజన కాలనీ పిల్ల. పదిహేడేళ్లు, ఇంటర్ అయిపోయింది. వాళ్ల అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది, నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. చెల్లి చేతిలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. టౌనులో ఒక బ్యూటీ పార్లర్ వాళ్లు ఐలాష్ ఎక్స్‌టెన్షన్ పని ఉచితంగా నేర్పిస్తామన్నారంట. "అక్కా, రేపటికల్లా నాన్న చేత వేలిముద్ర వేయించుకుని రమ్మన్నారు. ఏం చేసేది?" అని అడిగింది.

గదిలో నలుగురం ఉన్నాం. మాలో ఒకామె నవ్వేసింది. "కళ్లకి ఎంటికలు అతికించేదానికి కూడా ట్రైనింగా మే?" అంది. చెల్లి మొహం చిన్నబోయింది. తర్వాత ఆ కాగితం చదివాం. ఆ నవ్వు తప్పు, ఆ కాగితం అంతకంటే పెద్ద తప్పు. ఈ రెండు మాటలు చెప్పడానికే ఈ పోస్టు.

ముందు ఆ నవ్వు సంగతి.

ఈ పని ఏందో మాకూ సరిగ్గా తెలియదు. రాత్రంతా ఫోన్లో వెతికి, మేకప్ పని చేసే ఒక సీనియర్ అక్కకి ఫోన్ చేసి తెలుసుకున్నాం. మనిషి పై రెప్పకి సుమారు వంద నుంచి నూటయాభై వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుకని చిమటాతో పక్కనున్న వాటి నుంచి విడదీసి, దానికి ఒక సన్నటి కృత్రిమ వెంట్రుకని అతికించాలి. దాని మందం మామూలు రకంలో 0.15 మిల్లీమీటర్లు. ఒత్తుగా కనబడే వాల్యూమ్ రకంలో 0.05, 0.07 ఉంటుంది. చర్మానికి తగలకూడదు, కొంచెం ఎడం ఉంచాలి. రెండు వెంట్రుకలు కలిసి అంటుకుంటే అవి పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి లాగి, కుదుళ్లు దెబ్బతింటాయి. ఒక సెట్ వేయడానికి గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. మన రెప్ప వెంట్రుకలు వాటంతట అవే రాలి మళ్లీ మొలుస్తుంటాయి కాబట్టి, రెండు మూడు వారాలకోసారి కస్టమర్ ఫిల్లింగ్ కోసం మళ్లీ వస్తుంది.

దీన్ని చూసి నవ్వుతామా? మన అమ్మలు ఐసు నీళ్లలో చేతులు పెట్టి, గంటలకొద్దీ నిలబడి, తప్పు లేకుండా రొయ్య తలలు తీస్తారు. మన తాతలు చీకట్లో కూడా వల చిరుగు చేత్తో తడిమి అల్లేవాళ్లు. చూపు నిలపడం, చెయ్యి వణక్కుండా పని చేయడం, ఓపిక పట్టడం మన ఇళ్లల్లో కొత్తగా నేర్చుకోవాల్సినవి కావు. ఇన్నాళ్లూ వాటికి కూలి వచ్చింది గానీ ధర రాలేదు.

ఇంకో మాట. ఆ రెండు గంటలూ కస్టమర్ కళ్లు మూసుకుని మన చేతికింద పడుకుని ఉంటుంది. మన చేతిలో మొనదేలిన చిమటా, ఘాటైన గ్లూ ఉంటాయి. నమ్మకం లేకపోతే ఎవరైనా అట్టా పడుకుంటారా? 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత కాలంలో మన ఎరుకల, యానాది జనాన్ని కూడా దాని కిందకి తెచ్చి, పుట్టుకతోనే అనుమానితుల్ని చేశారు. 1952లో ఆ చట్టం పోయింది. చూపు మాత్రం అంత తొందరగా పోలేదు, అది మీకూ తెలుసు. అట్టాంటి చోట ఒక మనిషి తన కళ్లని మన పిల్ల చేతికి అప్పగించడం చిన్న విషయం కాదని మాకు అనిపించింది.

కాబట్టి ఈ పని తక్కువదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మగపిల్లలు కూడా నేర్చుకోవచ్చు, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఇప్పుడు కాగితం సంగతి.

దాంట్లో ఉన్నది ఇది. ఆరు నెలలు ట్రైనింగ్, ఆ ఆరు నెలలూ జీతం ఉండదు. తర్వాత మూడేళ్లు అక్కడే పని చేయాలి, నెలకి 6,000. మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కింద 80,000 కట్టాలి. ఇంటర్ ఒరిజినల్ మెమో వాళ్ల దగ్గర పెట్టాలి. ఇంటి ఖర్చులకని నాన్నకి ముందుగా 20,000 ఇస్తారు, అది జీతంలో పట్టుకుంటారు.

చెల్లి ఆ చివరి మాట దగ్గర ఆగి, "ఇరవై వేలంటే ఇంటికి శానా పనికొస్తాది గదక్కా" అంది. మాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఈ మాట మన కాలనీల్లో ఎవరికీ కొత్త కాదు. దాని పేరు అడ్వాన్సు. గుంటల కాపలాకి అడ్వాన్సు, బాతులు మేపేదానికి అడ్వాన్సు, తుమ్మ కొట్టి బొగ్గు కాల్చేదానికి అడ్వాన్సు. పెళ్లికో రోగానికో నాన్న తీసుకున్న పది వేలకి ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి ఒకే షావుకారు దగ్గర పడి ఉండడం మనం చూశాం. మాలో కొందరి అన్నలు బడి మానేసింది అందుకే. మేం మా ఇళ్లల్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి తరం. మా వెనకాల వచ్చే చెల్లి ఏసీ గదిలో, మంచి యూనిఫారంలో, అదే అడ్వాన్సు కింద పనిచేస్తుంటే దాన్ని ఉద్యోగం అని ఎట్టా అనుకునేది?

చట్టం ఏమంటుందో కూడా చూశాం. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అప్పు గానీ అడ్వాన్సు గానీ ఇచ్చి, దానికి బదులుగా మనిషి వేరే చోట పని చూసుకునే స్వేచ్ఛని లాక్కోవడం ఆ చట్టం ప్రకారం నేరం. ఫిర్యాదు చేయాల్సింది కలెక్టరుకి, ఆర్డీవోకి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు పెట్టిన ఒప్పందం చెల్లదు. నాన్న వేలిముద్ర ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది కదా. పని నేర్పినవాళ్లు కొన్నాళ్లు ఉండమని అడిగితే అదంతా వెట్టి అని మేం అనడం లేదు. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్ దాచుకోవడం, అడ్వాన్సుతో కట్టేయడం, మానేస్తే కట్టలేనంత జరిమానా వేయడం, ఈ మూడూ ఒక్క కాగితంలో కనిపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయాల్సిందే.

"మరి డబ్బులు లేని పిల్ల పని ఎట్టా నేర్చుకునేది? మీరు మాటలు చెప్తారు, అన్నం వాళ్లు పెడతారు" అని ఎవరైనా అడగొచ్చు. మా గదిలోనే ఒకామె అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే మాకు తెలిసిన దారులు రాస్తున్నాం.

ఒకటి, ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడు. పది పాసైతే చాలు, ఏడాది కోర్సు, సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. లాష్ పని ఒక్కటే కాకుండా చర్మం, జుట్టు, శుభ్రత అన్నీ నేర్పిస్తారు. రెండు, బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ కేంద్రాలు. బ్యూటీ పార్లర్ కోర్సు ఉచితం, ఉండేదానికి చోటు, భోజనం కూడా ఇస్తారు. పద్దెనిమిదేళ్లు నిండాలి, చెల్లికి ఇంకో నాలుగు నెలలు ఆగితే సరిపోతుంది. ఇక్కడ బేసిక్ వచ్చాక, లాష్ పని మాత్రం విడిగా మంచి చోట నేర్చుకోవచ్చు. రెండు రోజుల్లో సర్టిఫికెట్ అని చెప్పేవాళ్లకి మాత్రం డబ్బు కట్టొద్దు. బొమ్మ తల మీద వారాల తరబడి చెయ్యి తిరిగితే గానీ మనిషి కంటి మీద చెయ్యి పెట్టకూడదు.

పెట్టుబడికి అప్పు కావాలంటే షావుకారు దగ్గరికి పోవద్దు. ముద్ర శిశు లోను 50,000 దాకా, తాకట్టు లేకుండా ఇస్తారు. ఎస్టీ మహిళల కోసం జాతీయ ఎస్టీ ఆర్థిక అభివృద్ధి సంస్థ ఆదివాసీ మహిళా సశక్తీకరణ్ పథకం ఉంది, 2 లక్షల దాకా యూనిట్లకి, వడ్డీ ఏడాదికి 4 శాతం. మనూళ్లో వందకి మూడు, ఐదు అని నెలనెలా కట్టే వడ్డీతో పోల్చి చూడండి.

మన సముద్రం ఒడ్డున ఈ పని మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆ గ్లూ సైనోయాక్రిలేట్. మనం చెప్పులు అతికించే సూపర్ గ్లూ జాతిదే, కంటి పనికి వేరుగా తయారు చేస్తారు. అది ఎండతో ఆరదు, గాలిలో తేమ తగిలి గట్టిపడుతుంది. చాలా గ్లూలకి తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. మన మైపాడు, కృష్ణపట్నం గాలి సంగతి మీకు తెలుసు, ఆరేసిన బట్ట ఒక పట్టాన ఆరదు. అట్టాంటి గాలిలో గ్లూ వెంట్రుకకి తగలకముందే గట్టిపడిపోతుంది, రెండు రోజులకే లాష్ ఊడి వస్తుంది. కస్టమర్ "పిల్లకి పని రాదు" అంటుంది. తప్పు చేతిది కాదు, తేమది. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకోవాలి, ఏసీ వేసుకోవాలి, గ్లూ చుక్క మాటిమాటికీ మార్చాలి. వేరే ఊరిలో వీడియో తీసినవాళ్లు ఇది చెప్పరు.

కంటి భద్రత ఇంకా ముఖ్యం. కొందరికి ఆ గ్లూ పడదు, రెప్పలు వాచిపోతాయి. అందుకే ఒకటి రెండు రోజుల ముందే కొంచెం పెట్టి పరీక్ష చేయాలి. కళ్లు ఎర్రగా ఉన్నా, పుసి కడుతున్నా డబ్బులు పోయినా పర్లేదు, తిప్పి పంపాలి. చిమటాలు ప్రతిసారీ శుభ్రం చేయాలి. ఊడదీసేటప్పుడు రిమూవర్ వాడాలి, లాగకూడదు. గ్లూ ఆవిరి మనకీ మంచిది కాదు, గాలి ఆడాలి. వంగి వంగి కూర్చుంటే నడుము, మెడ పట్టేస్తాయి. అమ్మ నడుము రొయ్యల షెడ్డులో పోయింది, మన నడుము పార్లర్‌లో పోగొట్టుకుంటే ఏం లాభం?

సంపాదన గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ఒక సెట్‌కి కస్టమర్ 2,000 ఇస్తుందనుకోండి. వారానికి నాలుగు సెట్లు దొరికితే నెలకి 32,000. అందులో సామాను, అద్దె, కరెంటు పోను ఎంతోకొంత మిగులుతుంది. అదే పని ఆ కాగితం మీద చేస్తే చెల్లికి 6,000. కానీ నెల్లూరులో ప్రతి వారమూ నాలుగు సెట్లు దొరుకుతాయని మేం చెప్పలేం. పెళ్లిళ్ల సీజన్‌లో ఊపిరాడదు, ఆషాఢంలో, మూఢంలో ఫోన్ మోగదు. అందుకే ఈ ఒక్క పని మీదే ఆధారపడకుండా త్రెడింగ్, పెళ్లికూతురు మేకప్, మెహందీ కూడా చేతిలో పెట్టుకోవాలి. చదువు మాత్రం ఆపొద్దు. రెగ్యులర్ కుదరకపోతే దూరవిద్యలో అయినా డిగ్రీ కట్టండి. లోను కాగితం, అద్దె కాగితం, కంపెనీ కాగితం, ఏదైనా మనమే చదువుకోగలగాలి. చెల్లి ఇంటర్ దాకా చదివింది కాబట్టే ఆ కాగితం చూసి అనుమానం వచ్చి మా దగ్గరికి తెచ్చింది. వాళ్ల నాన్నకి ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

ఆ రాత్రి చెల్లి మా గదిలోనే పడుకుంది. సోమవారం పొద్దున్నే పార్లర్‌కి పోలేదు. అందరం కలిసి కలెక్టరేట్‌లో గ్రీవెన్సుకి పోయాం. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ ఉంది కదా, మన ఆడపిల్లలకి బ్యూటీ, లాష్ కోర్సులు హాస్టల్ వసతితో, స్టైపెండ్‌తో పెట్టించమని అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. ఇంకా జవాబు రాలేదు. నాలుగు సంతకాల అర్జీకి ఎంత బరువుంటుందో మాకు తెలుసు. నలభై సంతకాలైతే కొంచెం ఎక్కువ బరువుంటుంది. వచ్చే సోమవారం మళ్లీ పోతున్నాం. కోట, వాకాడు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే మాకు చెప్పండి.

ఇట్టాంటి కాగితం మీ ఇంటికి కూడా వస్తే వేలిముద్ర వేసే ముందు ఒక ఫోటో తీసి చదువుకున్న పిల్లల్లో ఎవరికైనా చూపించండి. ఈ పని చేస్తున్న అక్కలు ఎవరైనా గ్రూపులో ఉంటే మేం రాసినదాంట్లో తప్పులుంటే దిద్దండి, చెల్లికి నాలుగు మాటలు చెప్పండి.

చెల్లి ఊరికి పోతూ మా దగ్గరున్న పాత చిమటా ఒకటి అడిగి తీసుకుంది. అమ్మ సవరంలోంచి ఒక్కో వెంట్రుక విడదీసి చెయ్యి అలవాటు చేసుకుంటానంది. ఆ రోజు నవ్వినామే బస్టాండు దాకా వెళ్లి ఎక్కించి వచ్చింది.