పిస్తోలుకు ఒర సరే, పెట్టెకు గోడ ఏది?

ఊళ్ళో గొడవ జరిగిన ప్రతిసారీ మన కుర్రాళ్ళలో ఒక మాట లేస్తుంది. తలా కొంత వేసుకుని ఓ చిన్న పిస్తోలు కొందాం, చొక్కా కింద పెట్టుకు తిరిగితే ఎవడూ మన గూడెం వంక చూడడు అని. ఆ కోపం తప్పని మేం అనం. భూస్వామి కొడుకు బెజవాడ హోటల్లో బల్లమీద రివాల్వర్ పెట్టి టిఫిన్ చేస్తే అది హోదా. మనవాడు ఆ పేరెత్తితేనే నక్సలైటు! ఈ లెక్క మనకు కొత్తదేం కాదు. కానీ మాట అక్కడితో ఆగడంలేదు. ఒర తోలుదా ప్లాస్టిక్‌దా, నడుముకా చంకకా అంటూ ఫోన్లో బొమ్మలు చూస్తూ రాత్రిళ్ళు గడిపేస్తున్నారు. సరే, ఆ సామాను సంగతే మాట్లాడుకుందాం.

మామూలు మనిషికి లైసెన్సు మీద దొరికేది .32 బోరు. 9 ఎం.ఎం. నిషేధిత బోరు. 2014లో కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ రక్షణకని ‘నిర్భీక్’ అనే .32 రివాల్వర్ తెచ్చింది. ఆరు గుళ్ళు, అరకిలో బరువు, ధర అప్పట్లోనే 1,22,000 పైమాట. దాంతోపాటు ఇచ్చిందేమిటో తెలుసా? నగలపెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టె! నాట్లేసే మన అక్కచెల్లెళ్ళు ఆ ఫ్యాక్టరీవాళ్ళ లెక్కలో ఉన్నారో లేదో ఆ పెట్టే చెబుతుంది.

2016 ఆయుధ నియమాల ప్రకారం పిస్తోలు బయటికి తీసుకెళ్తే ఒరలో పెట్టి పూర్తిగా కప్పాలి. ఆ ఒర ట్రిగ్గర్‌ను మూసెయ్యాలి, లేదంటే గుండు దిగేది మన తొడలోకే. ఒర నిలవాలంటే గట్టి బెల్టుండాలి. లుంగీ మడతలో, మోకాలిలోతు బురదలో ఏం నిలుస్తుంది? శిక్షణ సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో భద్రంగా దాస్తామని హామీ రాసివ్వాలి. అంటే ఇనపపెట్టె, తాళం, పిల్లలకందని చోటు. పట్టా కూడా లేని జాగాలో, తాటాకు కొంపలో ఆ పెట్టెను ఏ గోడకు బిగిస్తాం? తుపాకీకి మొదట కావలసిన సామాను ఇల్లు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఏం జరిగింది? పోలీసులు ఊళ్ళో ఉండగానే మగాళ్ళను పొలాలకేసి పారిపొమ్మన్నారు. అక్కడ గొడ్డళ్ళతో, బరిసెలతో కాచుకునున్నారు. ఎనిమిదిమందిని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. అంతకు ఆరేళ్ళ ముందు కారంచేడులో ఆరుగురు. వందలమంది మీదపడితే ఆరు గుళ్ళు ఎంతసేపు? ఆ తర్వాత చుండూరుకి తుపాకీ వచ్చింది కూడా. పోలీసుది. మరుసటి నెలలో దాని గుండుకి పోయింది మన కుర్రాడే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఇప్పుడు అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో మూడోది చదవండి. దాడులు జరిగే చోట్లు గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు రద్దుచేసి ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులివ్వాలి. ఎంత బాగా రాశారో! కారంచేడు, చుండూరు అయ్యాక కూడా ‘అవసరం’ రాకపోతే ఇంకెన్ని శవాలు లేస్తే వస్తుంది సార్?

చందా డబ్బు ఒరమీద తగలెయ్యకండి. దొంగ పిస్తోలు అసలే వద్దు. అది దొరికిన మరుక్షణం దెబ్బలు తిన్నవాడు ముద్దాయి అవుతాడు, కొట్టినవాడు సాక్షి అవుతాడు. ఆయుధాల కేసులో జైలు ఖాయం. దరఖాస్తులు పెట్టండి, గుంపుగా పెట్టండి. ఏ-1 ఫారం మీద లైసెన్సుకు ఒకటి, మూడో నియమం కింద ఊరి పెద్దల లైసెన్సుల రద్దుకు ఇంకొకటి, ఇంటిపట్టాకు మరొకటి. లైసెన్సు కాగితం బెజవాడలో ఐతే పోలీసు కమిషనర్‌కి, పల్లెల్లో ఐతే కలెక్టర్‌కి. కాదంటే 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్ కింద కారణం కాగితం మీద పెట్టాలి. ఆ కారణం రాతపూర్వకంగా అడగండి. మీకే ప్రమాదమూ లేదని ఏ ఆఫీసరు సంతకం చేశాడో రేపు కోర్టులో చూపించాల్సి రావచ్చు. రసీదు చేతికి రాకుండా మాత్రం ఆఫీసు మెట్లు దిగొద్దు.